సాళ్లు పడకూడదు

మే నెల. కర్నూలు పెద్దాసుపత్రి.
బయట తారు మెత్తబడి చెప్పులకంటుకుంటా ఉంటే
లోపల గాజుపెట్టెలో నా బిడ్డకు చలి.
పదమూడు వందల గ్రాములు.
మా సంతలో అయితే అంత తూకం టమాటాలకు
ఎవరూ సంచి కూడా తెరవరు.

"తలకు టోపీ కావాలమ్మా" అనింది నర్సమ్మ,
"వేడంతా నెత్తి నుంచే పోతాది."

వరండాలో నా పక్క చాప హుసేన్‌బీది.
మనవరాలి కాన్పుకని ఆదోని నుంచి వచ్చింది.
మొగుడు మిలిటరీ డ్రైవరంట.
పఠాన్‌కోట్‌లో ఆరు చలికాలాలు చూసిందంట.
ఇప్పుడాయన లేడు, ఆయన స్వెట్టరుంది.
దాని చెయ్యి ఒకటి విప్పి, ఉండ చుట్టి
నా ఒళ్లో వేసింది.
ముదురాకుపచ్చ. కలరా ఉండల వాసన.

మద్దిలేటి సైకిల్ షాపులో అడిగి
రెండు చువ్వలు తెచ్చినాడు.
ఆసుపత్రి మెట్టు మీద కూచుని
మొనలు గుండ్రంగా అరగదీసినాడు,
ఒక్క మాటా లేకుండా, సగం పొద్దు.

"బేసి లెక్క పెట్టుకో. యాభై యొక్కటి" అనింది హుసేన్‌బీ.
"ఒకటి సీదా, ఒకటి ఉల్టా.
సీదాకు దారం వెనక, ఉల్టాకు దారం ముందర.
వరస సీదాతో మొదలు, సీదాతోనే ఆఖరు.
అంతే బేటీ, ఇంకేం లేదు దీంట్లో."

ఆ 'ఇంకేం లేదు'కే నాకు మూడు దినాలు పట్టింది.

మొదటి దినం దారం ముందరికి తెచ్చినా,
వెనక్కి పంపడం మరిచినా.
యాడనుంచో కొత్త కండ్లు పుట్టుకొచ్చి
యాభై యొక్కటి సాయంత్రానికి అరవై.
"పిల్లల్ని పెట్టింది నీ చువ్వ" అనింది ముసలామె.
నవ్వినా.
ఆ వార్డుకు వచ్చినంక అదే మొదటిసారి.

రెండో దినం లెక్క కుదిరింది.
కానీ సీదా మీద సీదా, ఉల్టా మీద ఉల్టా పడి
నిట్టనిలువు గీతలు లేచినాయి.
ఎంత చక్కగా ఉన్నాయో అనుకున్యా.
గొర్రు ఎనక బుడ్డల ఇత్తనం వదిలిన చెయ్యి నాది.
సాలు వంకర పోయిన దినం
మా నాయన మాట్లాడేటోడు కాదు.

హుసేన్‌బీ వేలితో తడిమింది.
"సాళ్లు పడకూడదు ఉరుకుందమ్మా.
జొన్నలు చల్లినట్టుండాల.
లెక్క చూడొద్దు, కింద వరస చూడు.
గింజ కనబడితే దాని మీద సీదా,
నున్నగుంటే ఉల్టా.
ఉండేదానికి ఎదురు పో."

ఎదురు పోవడం!
వాన రాకపోతే రాలేదనుకున్యాం.
కాన్పు ముందే వస్తే వచ్చిందనుకున్యా.

విప్పినా.
విప్పిన ఊలు వంకీలు వంకీలుగా
పోయిన అల్లికను గుర్తు పెట్టుకుంటాది.

మూడో రాత్రి, పాలు పిండి గిన్నెలో ఇచ్చి వచ్చి
ట్యూబులైటు కింద మళ్లీ మొదలుపెట్టినా.
గింజ. సీదా. నునుపు. ఉల్టా.
తలుపు అవతల మిషను టిక్కు టిక్కుమనేది.
అది ఆగినప్పుడల్లా నా చువ్వ ఆగేది.
మళ్లీ కూసేది.
మళ్లీ సీదా.

తెల్లారేటప్పటికి నాలుగు వేళ్ల ఎత్తు.
కంకి మీద చెయ్యి పెట్టినట్టు గరుకు గరుకుగా
గింజ పక్కన గింజ.
తిప్పి చూసినా. ఈ పక్కా అదే, ఆ పక్కా అదే.
అంచు ముడుచుకోలేదు.
పదకొండో వరసలో ఒక చోట
రెండు సీదాలు ఒకదాని మీద ఒకటి ఎక్కినాయి.
హుసేన్‌బీకి చూపించలేదు.
ఆమె చూడకుండా ఉంటాదా.

కొసలు కలిపి కుట్టి, నెత్తిన దారం బిగించి
నర్సమ్మకిచ్చినా.
వేడినీళ్లలో ఉతికి గోడ మీద వేస్తే
పావుగంటకే ఆరింది.
ఎండ ఆ ఒక్క పనికైనా పనికొచ్చింది.

గాజు అవతల, నా పిడికిలి కంటే కొంచెం పెద్ద తల,
దాని మీద మిలిటరీ రంగు టోపీ.
కనుబొమ్మలు దాటి కండ్ల మీదకి జారింది.
పెద్దదైపోయింది కదా అన్నా.

"పెద్దదే మంచిది" అనింది హుసేన్‌బీ,
స్వెట్టరు రెండో చెయ్యి విప్పుతా.